కొండగెడ్డపై జలాశయం: అలుగు, తూముల కొలతలు నిర్ణయించే విధానం

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పల్లెల్లో ఒక చెరువు మంచిదా కాదా అని తేల్చవలసి వస్తే, పెద్దలు కట్ట ఎత్తును గురించి అడగరు. అలుగు ఎటు పారుతుందో, మదుము, అంటే తూము, ఎంత లోతులో ఉందో అడుగుతారు. జలాశయం రూపకల్పన కూడా ఆ వరుసలోనే సాగాలి. నీటిని నిలిపే పని కట్టది, కట్టను నిలిపే పని అలుగుది, ఆ నిలిచిన నీటికి విలువ తెచ్చే పని తూముది. మిగులు నీరు పొర్లిపోయే అలుగును ఇంజనీర్లు స్పిల్‌వే అంటారు, నీటిని అవసరం మేరకు వదిలే తూమును స్లూయిస్ అంటారు. ఈ వ్యాసంలో రెండు రకాల మాటలూ వాడుతున్నాను.

లెక్కలు గాలిలో తేలకుండా ఉండేందుకు ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. వంశధారలో కలిసే ఒక కొండగెడ్డకు, అంటే కొండవాగుకు, 120 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉంది. దాని మీద 25 మీటర్ల నీటి ఎత్తుతో, 40 మిలియన్ ఘనపు మీటర్ల నిల్వతో, అంటే సుమారు 1.4 టీఎంసీలతో మట్టికట్ట కట్టాలి. పూర్తి నీటిమట్టం వద్ద నీరు 3 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. కింద 6,000 ఎకరాల వరి ఆయకట్టు ఉంది.

వరద ఎంత వస్తుంది?

అన్నిటికన్నా ముందు తేల్చవలసిన అంకె ఇదే, అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీలో చెరువుల అలుగులకు వాడుకలో ఉన్నది రైవ్స్ సూత్రం. పరీవాహక విస్తీర్ణాన్ని మూడింట రెండు ఘాతానికి పెంచి, కొండ ప్రాంతానికి గుణకంగా 10.2 వేస్తే మన గెడ్డకు సెకనుకు 248 ఘనపు మీటర్లు, అంటే 248 క్యూమెక్కులు వస్తుంది. డికెన్స్ సూత్రంలో విస్తీర్ణాన్ని ముప్పాతిక ఘాతానికి పెంచి, తీరప్రాంతపు గుణకం 28 వేస్తే 1,015 క్యూమెక్కులు వస్తుంది. ఒకే గెడ్డకు రెండు సూత్రాలు నాలుగింతల తేడాతో జవాబు చెబుతున్నాయంటే, వాటిని సరిచూసుకోవడానికి మాత్రమే వాడాలని, కొలతలను వాటికి వదిలేయరాదని అర్థం. పాత చెరువుకు మరమ్మతు అంచనా వేసేటప్పుడు కూడా ఉన్న అలుగు పొడవే సరిపోతుందని అనుకోకండి. అది ఏ సూత్రంతో కట్టినదో ముందు చూడండి.

సరైన పద్ధతి వానతో మొదలవుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 11223 జలాశయాలను నిల్వను బట్టి, నీటి ఎత్తును బట్టి మూడు తరగతులుగా విభజిస్తుంది. నిల్వ 10 మిలియన్ ఘనపు మీటర్ల లోపు, ఎత్తు 12 మీటర్ల లోపు ఉన్న చిన్నవాటికి నూరేళ్లలో ఒకసారి వచ్చే వరద సరిపోతుంది. నిల్వ 60 మిలియన్, ఎత్తు 30 మీటర్ల లోపు ఉన్న మధ్యతరహా వాటికి ప్రామాణిక వరదను, అంటే ఆ ప్రాంతపు తీవ్రమైన వానల నుంచి ఊహించదగిన వరదను తీసుకోవాలి. అంతకు మించినవాటికి సంభావ్య గరిష్ఠ వరద, అంటే అక్కడ సాధ్యమైన అతి పెద్ద వరద, తప్పనిసరి. రెండు కొలతల్లో ఏది పై తరగతికి చేరిస్తే ఆ తరగతే వర్తిస్తుంది. మన ఉదాహరణ మధ్య తరగతిలో పడుతుంది. కానీ కట్టకు దిగువన ఒక పట్టణమో పెద్ద గ్రామమో ఉంటే, నేనైతే పై తరగతి వరదతో కూడా లెక్క వేసి చూడకుండా నక్షా మీద సంతకం చేయను.

ఈ ప్రాంతపు వాన స్వభావాన్ని కూడా గమనించాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని దాటి గజపతి కొండల మీద కుండపోతగా కురిసింది. వంశధార గుణుపురాన్ని ముంచిన 1980 నాటి వరద సెప్టెంబరులో వచ్చింది. అంటే మన వైపు పెద్ద వరద ఖాళీ జలాశయం మీద రాదు. ఖరీఫ్ చివర, రబీ కోసం నీరు నిండుగా దాచుకున్న రోజుల్లో వస్తుంది. కాబట్టి వరద మొదలయ్యే వేళకు జలాశయం పూర్తి మట్టంలో ఉందనే లెక్క మొదలుపెట్టాలి.

ఒక రోజున 250 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో 200 మిల్లీమీటర్లు గెడ్డలోకి దిగిందనుకుందాం. 120 చదరపు కిలోమీటర్ల మీద అది 24 మిలియన్ ఘనపు మీటర్లు. కొండవాలు కనుక ఆ నీరంతా 12 గంటల్లో దిగిపోతుంది. నాలుగో గంటకు శిఖరానికి చేరే త్రిభుజంగా దానిని గీస్తే, శిఖర ప్రవాహం సుమారు 1,110 క్యూమెక్కులు, అంటే 39,000 క్యూసెక్కులకు పైన. అసలు డిజైనులో ఈ వానను వాతావరణ శాఖ రికార్డుల నుంచి, ప్రవాహ రూపాన్ని కేంద్ర జల సంఘం ఉపమండలాల వారీగా వెలువరించిన వరద అంచనా నివేదికల నుంచి తీసుకోవాలి.

అలుగు పొడవు

వచ్చిన వరదంతా అలుగు మీదుగా వెంటనే పోనక్కర లేదు; కొంత నీరు జలాశయంలోనే ఎత్తు పెరిగి ఆగుతుంది. పూర్తి నీటిమట్టానికీ, వరద వేళ నీరు చేరదగిన హద్దైన గరిష్ఠ నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లు వదిలితే, మన జలాశయంలో ఆ మందం సుమారు 6.5 మిలియన్ ఘనపు మీటర్లను పడుతుంది. మొత్తం వరదలో ఇది 27 శాతం కాబట్టి, బయటికి పోయే శిఖరం కూడా తొలి అంచనాకు అంత మేర తగ్గి 810 క్యూమెక్కులు అవుతుంది. గేట్లు లేని అలుగైతే, మీటరు పొడవుకు పోయే నీరు, లోతును ఒకటిన్నర ఘాతానికి పెంచి 2.1తో గుణించినంత. 2 మీటర్ల లోతుకు అది దాదాపు 6 క్యూమెక్కులు, కాబట్టి 136 మీటర్ల పొడవు కావాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గంట గంటకు వచ్చిన నీరు, పోయిన నీరు, మిగిలిన నిల్వ వరుసగా లెక్కించి చూస్తే, ఆ 136 మీటర్ల అలుగు మీద శిఖరం 860 క్యూమెక్కుల దాకా వెళుతుంది, నీరు అనుకున్న 2 మీటర్లకు మరో 8 సెంటీమీటర్లు పైకెక్కుతుంది. అలుగు పొడవును 150 మీటర్లకు పెంచితే నీటిమట్టం మళ్లీ హద్దులోకి వస్తుంది. ఈ పట్టిక వేయడానికి కంప్యూటరు అక్కరలేదు. గళ్ల కాగితం, ఒక మధ్యాహ్నం చాలు. చేత్తో ఒకసారి వేసినవారికి నీరు ఎప్పుడు ఎలా పెరుగుతుందో మనసులో నాటుకుపోతుంది.

గరిష్ఠ నీటిమట్టానికి పైన మట్టికట్ట కనీసం ఒకటిన్నర మీటర్లు, పూర్తి నీటిమట్టానికి పైన కనీసం 2 మీటర్లు ఉండాలి. కెరటాల ఎత్తును బట్టి ఇంకా పెరగవచ్చు. మట్టికట్ట మీద నీరు పొర్లితే గండి పడడానికి ఎక్కువసేపు పట్టదు కనుక, ఈ ఖాళీని ఆదా చేయదగిన ఖర్చుగా చూడకూడదు.

గరిష్ఠ మట్టాన్ని ఖాయం చేసే ముందు ముంపు పటం తీసి చూడాలి. సరిహద్దు జిల్లాల్లో ఆ గీత ఒక మీటరు పైకి జరిగితే అది రెండు రాష్ట్రాల వ్యవహారం అవుతుంది. జంఝావతి నది మీద ఆంధ్రా వైపు కట్టదలచిన జలాశయపు ముంపు ఒడిశా గ్రామాల మీద పడడంతో ఆ పని దశాబ్దాలు నిలిచిపోయి, చివరికి 2006లో కొమరాడ మండలంలో రబ్బరు డ్యాముతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

గేట్లు పెట్టాలా?

150 మీటర్ల అలుగుకు కొండల మధ్య చోటు దొరకకపోవచ్చు. అప్పుడు అలుగు శిరస్సును, అంటే నీరు పొర్లే పై అంచును, పూర్తి మట్టానికి 6 మీటర్లు దించి, ఒక్కొక్కటి 10 మీటర్ల వెడల్పున్న గేట్లు పెట్టవచ్చు. గరిష్ఠ మట్టంలో శిరస్సు మీద 8 మీటర్ల లోతు ఉంటుంది కాబట్టి గుణకం 2.15 వేస్తే మీటరుకు 48 క్యూమెక్కులకు పైన పోతుంది. స్తంభాల దగ్గర ప్రవాహం కుంచించుకోవడాన్ని తీసివేసినా రెండు గేట్లు 880 క్యూమెక్కుల దాకా పంపుతాయి. లెక్కకు రెండు చాలు, అయినా మూడు పెట్టాలి. ఎందుకంటే గేట్లలో పదో వంతు, కనీసం ఒకటి, వరద వేళ పనిచేయదనే ఊహతోనే సామర్థ్యం నిర్ణయించాలని ప్రమాణం చెబుతోంది.

ఆ నియమం ఊరికే రాలేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు, ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. పారుతున్న నీటిలోనే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో స్టాప్‌లాగ్‌లు, అంటే గాడిలో దించే అడ్డుపలకలు, దించి ఆ ఖాళీని మూయవలసి వచ్చింది. అందుకే ప్రతి గేటుకు ఎగువన స్టాప్‌లాగ్‌ల గాడి ఉండాలి, కనీసం ఒక జత పలకలు అక్కడే షెడ్డులో ఉండాలి, వాటిని ఎత్తే క్రేను కూడా ఉండాలి.

ఒక తుపాను రాత్రి నేను గేట్లున్న ఒక చిన్న జలాశయం మీద ఉన్నాను. కరెంటు సాయంత్రమే పోయింది. జనరేటరు ఉంది గాని డీజిలు అడుగంటింది. తెప్పిద్దామంటే దారిలో గెడ్డ పొంగి కాజ్‌వే మునిగిపోయింది. నలుగురం వంతులు వేసుకుని చేతి హ్యాండిలు తిప్పితే గంటలో గేటు అడుగు కూడా లేవలేదు. అంతలో గేట్లు కాసే లస్కరు, “బాబూ, ఇంకో మెట్టు మునిగింది” అని టార్చి వేసి చూపించాడు. తెల్లవారేసరికి వాన తగ్గింది కాబట్టి కట్ట మిగిలింది. అప్పటి నుంచి మారుమూల కొండల్లో మధ్యతరహా జలాశయానికి స్థలం ఉన్నంతవరకు గేట్లు లేని అలుగే మేలని నా అభిప్రాయం. స్థలం లేకపోతే మూడు గేట్లతో పాటు పక్క కొండ సందులో గేట్లు లేని అదనపు అలుగు కొంతైనా పెట్టాలి.

అలుగు కింద

అలుగు మీది నుంచి 22 మీటర్లు దిగిన నీరు సెకనుకు 19 మీటర్ల వేగంతో పాదాన్ని తాకుతుంది. ఆ వేగాన్ని కాంక్రీటు తొట్టెలోనే చంపకపోతే అది గెడ్డ అడుగును తవ్వుకుంటూ వెనక్కి వచ్చి అలుగు పునాదిని పట్టుకుంటుంది. 150 మీటర్ల అలుగైతే పాదం దగ్గర నీటి మందం మూడో వంతు మీటరు కూడా ఉండదు. అక్కడ నీరు ఎగిరి శాంతించడానికి దిగువన సుమారు 4.7 మీటర్ల లోతు నిలబడి ఉండాలి. అదే నీటిని 30 మీటర్ల వెడల్పు గేట్ల గుండా పంపితే కావలసిన లోతు దాదాపు 10 మీటర్లకు పోతుంది. గేట్లు పెట్టి అలుగు పొడవులో మిగిల్చిన డబ్బు, తొట్టె తవ్వకంలో ఇలా తిరిగి ఖర్చవుతుందని అంచనాలు వేసేవారు మరిచిపోతుంటారు.

దిగువ గెడ్డలో ఆ లోతు సహజంగా ఉంటుందో లేదో ఒక్క గరిష్ఠ వరదకే చూస్తే సరిపోదు. పావు వంతు, సగం, ముప్పాతిక ప్రవాహాలకు కూడా చూడాలి, ఎందుకంటే ఏటా వచ్చేవి అవే. లోతు చాలకపోతే తొట్టె అడుగును దించాలి. గట్టి రాయి ఉన్నచోట నీటిని గాలిలోకి విసిరే స్కీ జంప్ బకెట్ చవకే గాని, తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైటు రాయిని నమ్మే ముందు డ్రిల్లింగు చేసి చూడాలి. ఈ కొండల్లోని కోందుల పేరు మీదనే ఆ రాయికి పేరు వచ్చింది. పైకి గట్టిగా కనిపించినా శైథిల్యం పట్టినచోట గునపంతో పెళ్లలుగా ఊడి వస్తుంది.

సాగునీటి తూము

వరికి ఒక క్యూసెక్కు 60 ఎకరాలకు సరిపోతుందని లెక్క వేస్తే, 6,000 ఎకరాలకు పొలాల దగ్గర 100 క్యూసెక్కులు కావాలి. కాలువలో ఇంకిపోయేది, శివారు దాకా చేరేలోగా జారిపోయేది కలిపి తల దగ్గర 135 క్యూసెక్కులు, అంటే 3.8 క్యూమెక్కులు వదలాలి. దమ్ములు, నాట్ల వేళ అందరికీ ఒకేసారి నీరు కావాలి కాబట్టి ఈ అంకెను సగటు మీద కుదించకూడదు.

తూము కొలతను నిర్ణయించేది జలాశయం అడుగంటిన రోజు. తూము మధ్య మీద ఒకటిన్నర మీటర్ల నీరు మాత్రమే ఉన్నప్పుడు కూడా 3.8 క్యూమెక్కులు రావాలంటే 1.13 చదరపు మీటర్ల మార్గం కావాలి; కాబట్టి 1.2 మీటర్ల చదరం పెడదాం. అదే తూము జలాశయం నిండి 15 మీటర్ల నీరు నిలిచిన రోజున పూర్తిగా తెరిస్తే 540 క్యూసెక్కులు విడుస్తుంది, అంటే కాలువ మోయగలిగిన దానికి నాలుగింతలు. కాబట్టి గేటు సగం కన్నా తక్కువ తెరుపుతో నెలల తరబడి నడవవలసి ఉంటుంది. ఆ స్థితిలో గేటు వెనక నీరు సెకనుకు 17 మీటర్ల వేగంతో దూసుకుపోతూ ఖాళీని సృష్టించి కాంక్రీటును గుంటలు చేస్తుంది. గేటుకు సరిగ్గా దిగువన గాలి గొట్టం పెట్టడం ఇందుకే. ఒక పెద్ద గేటుకు బదులు ముందు ఒకటి అత్యవసరానికి, వెనక ఒకటి రోజూ వాడకానికి పెడితే, వెనకదానికి మరమ్మతు చేయడానికి జలాశయాన్ని ఖాళీ చేయనక్కర లేదు.

తూము గొట్టాన్ని మట్టికట్ట పోత మధ్యలో వేయకూడదు. వీలైతే ఒక పక్క కొండ రాతిలో తొలిచి, లేకుంటే రాతి మీద కందకం తవ్వి అందులో కాంక్రీటుతో కూర్చి, కట్ట దిగువ సగంలో దాని చుట్టూ ఇసుక వడపోత పెట్టాలి. కట్టకు బుంగ పడడం చాలాసార్లు తూము గోడకూ మట్టికీ మధ్య ఉన్న సందు నుంచే మొదలవుతుంది.

తూము గడప ఎత్తును 50 ఏళ్లలో పేరుకునే పూడికకు పైన ఉంచాలి. పోడు నరికిన వాలుల కింద, తిత్లీ నాటిలా కొండచరియలు విరిగిన చోట్ల, పూడిక మామూలు అంచనాకు మించుతుంది. గడపను మరీ పైకి జరిపితే అడుగు నీరు వాడుకకు రాదు. కిందికి జరిపితే పదేళ్లకే బురద తింటుంది.

హెచ్చరిక గంటలకు తగిన నదీతూము

వరద నివారణ కోసం అక్టోబరంతా 2 మీటర్ల మేర జలాశయం ఖాళీగా ఉంచాలని కొందరు, పూర్తిగా నింపాలని రైతులు వాదిస్తారు. ఆ 2 మీటర్ల మందంలో 5.5 మిలియన్ ఘనపు మీటర్ల నీరుంది. పొలంలో నాలుగు అడుగుల లోతు చొప్పున 1,100 ఎకరాల వరికి సరిపోయే నీరది. రైతు ఆ నీటిని ఊరికే వదలమంటే ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర కూడా లేదు. తుపాను వస్తుందని తెలిశాక దించగలిగితే చాలు.

వాతావరణ శాఖ తుపాను అలర్టు, తీరప్రాంతంలో ప్రతికూల వాతావరణం మొదలవుతుందని అంచనా వేసిన వేళకు కనీసం 48 గంటల ముందు వస్తుంది. నిర్ణయానికి, దిగువ గ్రామాలకు దండోరా వేయడానికి 12 గంటలు పోతే 36 గంటలు మిగులుతాయి. ఆ వ్యవధిలో 5.5 మిలియన్ ఘనపు మీటర్లు దించాలంటే 42 క్యూమెక్కులు, అంటే 1,500 క్యూసెక్కులు వదలాలి. అప్పటికే గెడ్డలో వస్తున్న నీటిని దీనికి కలపాలి. సాగునీటి తూము పూర్తిగా తెరిచినా 15 క్యూమెక్కులే, పైగా అది కాలువలోకి పోతుంది. కాబట్టి నేరుగా గెడ్డలోకి తెరుచుకునే నదీతూము వేరుగా ఉండాలి. ఒక్కొక్కటి 2 చదరపు మీటర్ల మార్గంతో రెండు గేట్లు పెడితే 15 మీటర్ల నీటి కింద ఆ పని చేస్తాయి. గేట్లున్న అలుగుకు శిరస్సు ఎలాగూ కిందే ఉంటుంది కనుక ఈ నదీతూము చిన్నదైనా సరిపోతుంది. గేట్లు లేని అలుగుకు ఇది లేకుండా వరద నివారణ మాటే ఎత్తకూడదు.

ఇలా ముందే దించితే ఎంత లాభమో మన ఉదాహరణలో పట్టిక వేసి చూశాను. 150 మీటర్ల అలుగు మీద శిఖరం సుమారు 870 క్యూమెక్కుల నుంచి 740కి తగ్గుతుంది. శిఖరంలో ఆ తగ్గుదల గొప్పగా ఏమీ లేదు. అయితే వరద మొదలైన తరువాత మూడు గంటల పైచిలుకు అలుగు అసలు పారదు, శిఖరం కూడా గంట ఆలస్యంగా దిగువకు చేరుతుంది. కాశీనగరం వైపు గెడ్డ ఒడ్డు ఇళ్లవాళ్లు గొడ్డూ గోదా విప్పుకుని మెరకకు చేరడానికి ఆ గంటలే కావాలి.

దీని కోసం నదీతూము గది గోడ మీద ఒడియాలోను, తెలుగులోను ఒక పట్టిక రాయించాలి: జలాశయం ఏ మట్టంలో ఉంటే గేటు ఎన్ని అంగుళాలు ఎత్తాలి, ఎంతసేపటికి మరో మెట్టు ఎత్తాలి, ఎత్తే ముందు గెడ్డకు అవతల ఆంధ్రా వైపు ఎవరికి, ఇటు ఎవరికి ఫోను చేయాలి. దిగువ కాజ్‌వే స్తంభం మీద 1,500 క్యూసెక్కులు పారితే నీరు ఎంతవరకు వస్తుందో లెక్కించి ఎర్ర గీత గీయించాలి. మొదటిసారి గేట్లు ఎత్తిన రోజున అక్కడ ఒక మనిషిని నిలబెట్టి నీరు నిజంగా ఎక్కడిదాకా వచ్చిందో చూసి, ఆ గీతను సరిచేయాలి.